ఎల్లాజీ వేసిన ముడులు

నేను ఒక వలను. వల అనగానే మీకు చేపలు గుర్తొస్తాయి. నాకూ గుర్తొస్తాయి, కానీ ఏం లాభం, పుట్టి ఇన్నేళ్ళయినా ఒక్క కానాగంతని పట్టిన పాపాన పోలేదు. సముద్రం కూతవేటు దూరంలోనే ఉండేది. దాని హోరు వింటూ, దాని ఉప్పుగాలి ఒంటికి పట్టించుకుంటూ బతికాను తప్ప ఒక్కనాడూ అందులో దిగలేదు. నన్ను అల్లిన చేతులే అల్లిన నా అక్కచెల్లెళ్ళు తెల్లారకముందే తెప్పలెక్కి వేటకి పోయేవి. పొద్దెక్కాక తడితడిగా, ఒంటినిండా పొలుసులతో తిరిగొచ్చి ఇసకలో ఆరేవి. వాటి గొప్పలు వినలేక చచ్చేదాన్ని. నాకు దొరికేది బంతి ఒక్కటే. నేను ఫుట్‌బాల్ గోలుకి కట్టిన వలను మరి.

విశాఖపట్నం నుంచి తీరం పట్టుకుని పోతే ముత్యాలరేవు అని ఒక జాలరిపేట వస్తుంది. ఇళ్ళకీ సముద్రానికీ మధ్య చదునుగా, కాస్త గట్టిగా ఉన్న ఇసక నేలని అక్కడివాళ్ళు గ్రౌండు అంటారు. వేట నుంచి వచ్చిన మగవాళ్ళు వలలు దులుపుకుని, నాలుగు మెతుకులు తిని, ఓ కునుకు తీసి లేచారంటే సాయంత్రానికి అక్కడే తేలతారు. ఆడేవాళ్ళ కంటే అరిచేవాళ్ళే ఎక్కువ. నేను పుట్టకముందు గోలు అంటే రెండు సరుగుడు కర్రలూ, పైన ఒక తాడూ. బంతి కర్రకి లోపలినుంచి పోయిందా, బయటినుంచి పోయిందా అన్నదాని మీద ప్రతి ఆటా తన్నులాటతో ముగిసేది. బంతి మాత్రం ఎటునుంచి పోయినా నేరుగా సముద్రంలోకి పోయేది. ఈ రెండు బాధలూ పడలేక శామ్యూల్ మాస్టారు ఒకరోజు వాసుపల్లి ఎల్లాజీ ఇంటికి వెళ్ళారు.

శామ్యూల్ మాస్టారు పట్నంలో ఒక బళ్ళో డ్రిల్లు మాస్టారు. బడి వదలగానే సైకిలెక్కి ముత్యాలరేవు వచ్చి పిల్లలకి ఆట నేర్పేవారు. ఆయన్ని ఎవరూ రమ్మనలేదు, వచ్చాక ఎవరూ వద్దనలేదు. ఎల్లాజీ వలలు అల్లడంలోనూ బాగుచేయడంలోనూ చెయ్యి తిరిగినవాడు. గోలుకి వల కావాలని మాస్టారు అడిగితే ఎల్లాజీ, ఏ చేపకని అడిగాడు. మాస్టారు చంకలో ఉన్న బంతి తీసి చేతిలో పెట్టారు. ఎల్లాజీ దాన్ని అటూ ఇటూ తిప్పాడు, నొక్కాడు, జానతో కొలిచాడు.

"దీనికి మొప్పలు నేవు కదండీ, ఏటి పట్టుకుని ఆగుతాది?" అన్నాడు.

అలా మొప్పల్లేని చేప కోసం నీలం నైలాను దారంతో నన్ను అల్లాడు. కట్టిన రోజున పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టాడు, వేటకి పోయే వలకి చేసినట్టే. కొత్త వలలో పడ్డ మొదటి చేప గంగమ్మతల్లిది, దాన్ని తిరిగి నీళ్ళలో వదిలెయ్యాలి, అది వాళ్ళ ఆచారం. అంచేత నాలో మొదటి బంతి పడగానే ఎల్లాజీ దాన్ని తీసుకుని చక్కా సముద్రంవైపు నడిచాడు. పేట మొత్తానికి ఉన్నది ఆ ఒక్క బంతే. మాస్టారు పరుగున పోయి గడ్డం పట్టుకుని బతిమాలితే, బంతికి బదులు కొబ్బరికాయ తీసుకోవడానికి గంగమ్మ ఒప్పుకుందని ఎల్లాజీ చాలాసేపటికి తేల్చాడు. మనుషులు దేవతలతో బేరమాడగలరని నేను పుట్టిన రోజే చూశాను.

ఆ మొదటి బంతి నాలోకి కొట్టింది ఎల్లాజీ కూతురు బంగారి. ముందుపళ్ళు ఊడిన నోరు, మోకాళ్ళనిండా దెబ్బలు, ఎవరిదో పాత లాగు. మగపిల్లల మధ్య ఈ గుంట ఏమిటని ఎవరైనా అంటే మాస్టారు వినపడనట్టు ఈల ఊదేసేవారు. తల్లి చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని పట్నం పోయేది, తిరిగొచ్చేసరికి చీకటి పడేది. అందుకని సాయంత్రాలు బంగారి గ్రౌండులోనూ, ఎల్లాజీ గోలు వెనకాల నా పక్కనా ఉండేవారు. ఊరికే కూర్చోవడం ఆయనకి చేతకాదు. ఒళ్ళో ఏదో ఒక చిరిగిన వల, చేతిలో దారం చుట్టిన వెదురుసూది. కళ్ళు కూతురి మీద ఉండేవి, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

అందరి బంతీ ఒక్కలా తగలదు. కొందరిది మెల్లగా వచ్చి కాళ్ళ దగ్గర పడుకుంటుంది. కొందరిది విసురుగా వచ్చి నా పైతాడు ఊడబెరుకుతుంది. బంగారిది అలా కాదు. నేల మీంచి బొంగరంలా తిరుగుతూ, ఎడమ కర్ర మొదట్లోంచి లోపలికొచ్చి, నాలో పడ్డాక కూడా తిరుగుతూనే ఉండి, తీరిగ్గా ఆగేది. ఆ తిరుగుడు ఆగేదాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని. చేపలు పట్టే నా అక్కచెల్లెళ్ళకి ఈ సుఖం తెలుసా అనుకునేదాన్ని. ఇప్పటికీ గాలికి ఊగినప్పుడల్లా ఆ బంతి కోసం ప్రాణం కొట్టుకుపోతుంది, దాచుకోవడం దేనికి.

గ్రౌండు మూల, జెండాకర్ర పక్కనే ఒక టీ బడ్డీ ఉండేది. దాని బల్ల మీద ఇద్దరు మనుషులు మేకులు కొట్టినట్టు కూర్చునేవారు. ఒకడు గనగళ్ళ ధనరాజు, హార్బరులో వాచ్‌మన్. రెండోవాడు మసేను, ఐసు ఫ్యాక్టరీలో పని. ఇద్దరిలో ఎవడూ జన్మలో బంతిని సూటిగా తన్నినవాడు కాడు. అయినా దేశం జట్టుని రోజూ సాయంత్రం వాళ్ళే ఎంపిక చేసేవారు, టీ చల్లారేలోగా సగంమందిని వాళ్ళే తీసేసేవారు. మన పిల్లలు పైకి రాకపోవడానికి సెలక్షన్లే కారణమని ధనరాజు వాదన. తెలిసినవాడి కూతురూ, పెద్దబడిలో చదివే పిల్లా వెళతారు, జాలరిపేట పిల్లలు చూస్తూ ఉంటారు. మసేను దానికి ఒప్పుకునేవాడు కాదు. సెలక్షన్ దాకా ఎందుకు, చిన్నప్పుడే పిల్లల చేతికి బంతీ కాళ్ళకి బూట్లూ ఇవ్వాలి, పూటకో గుడ్డు పెట్టాలి, పదిహేనేళ్ళొచ్చాక వెతికితే ఏం దొరుకుతుంది అనేవాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా ఒకే సంగతి చెప్పుకునేవారని నాకు ఎన్నోసార్లు అనిపించింది. నాకు నోరుంటే చెప్పేదాన్ని.

బంగారికి పదిహేనేళ్ళొచ్చిన ఏడు జిల్లా బాలికల పోటీల ఫైనలు మా గ్రౌండులోనే పెట్టారు. ఒకవైపు మాస్టారు తయారుచేసిన ముత్యాలరేవు పిల్లలు, రెండోవైపు పట్నంలో ఒక పెద్దబడి పిల్లలు. సెలక్షన్‌కి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నారు. జిల్లా జట్టులో ముందుండి గోలు కొట్టే చోటు ఒకటి ఖాళీ ఉంది. ఆ చోటు దొరికిన పిల్లకి క్రీడల హాస్టల్లో సీటు. అంటే మూడుపూటలా తిండి, చదువు, బూట్లు, రోజూ నేర్పే కోచ్. దొరకని పిల్ల ఏమవుతుందో ముత్యాలరేవులో ఎవరినడిగినా చెబుతారు. పదో తరగతి కాగానే రొయ్యల షెడ్డులో గ్లౌజులేసుకుని తలకాయలు వలవడమే. ఆ చోటు కోసం బంగారీ, పెద్దబడి జట్టులో ఒక పొడుగాటి పిల్లా పోటీ పడుతున్నారు.

ఎల్లాజీ ఆ రోజు వేట మానుకున్నాడు. జ్వరమొచ్చినా తెప్ప ఎక్కే మనిషి. పొద్దున్నే వచ్చి నన్ను నాలుగు పక్కలా తడిమి చూశాడు, రెండుచోట్ల తాడు బిగించాడు. ఎడమ కర్ర మొదట్లో ఒక మేకు తుప్పుపట్టి ఎన్నాళ్ళనుంచో నా దారాన్ని కొరుకుతోంది. కానీ ఆ చోటు ఇసకలో కూరుకుపోయి ఉండడంతో ఆయన చేతికి తగల్లేదు. తర్వాత ఎప్పట్లాగే నా వెనక గొంతుక్కూర్చుని సూదీ దారం బయటికి తీశాడు.

ఆట ముగింపుకొచ్చేసరికి చెరొక గోలుతో సమానంగా ఉన్నారు. పొడుగుపిల్ల ఒకటి కొట్టింది, మావాళ్ళలో వెనక వరసలో ఆడే పిల్ల ఒకటి కొట్టింది. బంగారి చుట్టూ ఇద్దరేసి కాపలా కాస్తూ ఆమెని కదలనివ్వలేదు. అలాంటిది ఒక్కసారి బంతి చిక్కింది. ఒకర్ని తప్పించింది, రెండో పిల్ల జారిపడింది. అప్పుడు కొట్టింది, ఎప్పుడూ కొట్టే చోటికే. బంతి తిరుగుతూ ఎడమ కర్ర మొదట్లోంచి నాలోకి వచ్చింది. మేకు కొరికి ఉంచిన దారం పుటుక్కున తెగింది. నేను ఆపలేకపోయాను. బంతి నాలోంచి దూసుకుపోయి ఎల్లాజీ మోకాలికి తగిలి, పక్కకి దొర్లింది.

రిఫరీ మంచి మనిషే, ఆయన్ని ఒక్కమాట అనను. ఆయనకీ నాకూ మధ్య నలుగురు పిల్లలు అడ్డున్నారు. పక్కన జెండా పట్టుకున్నాయన ఆఫ్‌సైడ్ చూస్తున్నాడు. ఇద్దరూ తల తిప్పేసరికి బంతి గోలు పక్కన, వల బయట దొర్లుతోంది. బయటికి పోయిందని ఈల వేసి చెయ్యి చూపించాడు రిఫరీ. అంతే, పేట పేటంతా గ్రౌండులోకి దిగింది. పిల్లలూ, మాస్టారూ, టీ గ్లాసుతో సహా ధనరాజూ, మసేనూ, అందరూ రిఫరీ చుట్టూ మూగారు.

నా దగ్గర మిగిలింది ఎల్లాజీ ఒక్కడే. ఆ గోలనంతా ఆయన సంబరం అనుకున్నాడు. కూతురు గోలు కొట్టింది, కళ్ళారా చూశాడు, మోకాలికి తగిలిన దెబ్బ ఇంకా మండుతోంది. ఇందులో ఇంకెవరికైనా అనుమానం రాగలదని ఆయనకి తట్టనేలేదు. ఆయనకి కనిపించింది చిరుగు. నీళ్ళమీద బతికేవాడు చిరుగు చూసి ఊరుకోలేడు. ఇప్పుడు వలలో రెండు కళ్ళు తెగితే మళ్ళీ వల లాగేసరికి మనిషి దూరేంత కంత అవుతుంది, ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. ఆట ఇంకా కాస్త ఉంది కదా, కూతురి బంతి మళ్ళీ వస్తే మళ్ళీ జారిపోతుందేమో అనుకున్నాడు. ఇసక తోడాడు, మేకునుంచి నన్ను విడిపించాడు, కూనిరాగం తీసుకుంటూ ముడి మీద ముడి వేశాడు.

వద్దు ఎల్లాజీ, వద్దు నాయనా, అని నేను ఎంత మొత్తుకున్నానో. వల మొత్తుకుంటే ఎవరికి వినిపిస్తుంది? నన్ను అల్లిన దారమే, అదే కండెలోది. ముడులు బిగించాడు, కొసలు పంటితో కొరికేశాడు, వేలితో రాసి నున్నగా చేశాడు. మంచి పనివాడు కదా, చేసిన చోటు తెలియకుండా చేశాడు.

సరిగ్గా అప్పుడే రిఫరీని వెంటబెట్టుకుని మాస్టారు వచ్చారు.

"వల చూడండి సార్. చిరుగుంటే గోలివ్వండి. లేకపోతే నేను నోరెత్తను" అన్నారు.

రిఫరీ మోకాళ్ళమీద కూర్చుని నన్ను చూశాడు. న్యాయంగానే చూశాడు. ఎడమ మూల పట్టుకుని లాగాడు, వేళ్ళు దూర్చాడు, అటు చివర్నుంచి ఇటు చివరిదాకా తడిమాడు. ఎక్కడా చిరుగు లేదు. వెనకాల బంగారి మొహం తుడుచుకుంటూ నిలబడింది, ఆశగా. అప్పటికిగాని ఎల్లాజీకి సంగతి అర్థం కాలేదు. సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇప్పుడే ఏసీసినాను బాబూ. ఇక్కడే సిరిగింది. బంతి నోపల్నుంచే వొచ్చి నా మోకాలికి తగిలింది" అన్నాడు.

 పెద్దబడివాళ్ళ వైపునుంచి ఎవరో, కూతురి గోలుకి తండ్రి సాక్ష్యమా అని నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. మా పేటవాళ్ళలో కూడా ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేకపోయారు, అది నేను మర్చిపోలేదు. రిఫరీ నవ్వలేదు. తను చూసిందే చెప్పగలనని మెత్తగా చెప్పి వెళ్ళిపోయాడు. బంగారి తండ్రి చేతిలో సూదిని చూసింది, తర్వాత తండ్రి మొహం చూసింది. ఆటకి వెళ్ళిపోయింది.

చివరికి పెనాల్టీలు పెట్టారు. మావాళ్ళు ఓడిపోయారు. బంగారి కొట్టింది మాత్రం లోపలికే వచ్చింది, ఎల్లాజీ వేసిన ముడుల మీదే తగిలింది. అవి చెక్కుచెదరలేదు. నేను అంతగా ఏడ్చిన రోజు మరొకటి లేదు. ఆటలో గోలు కొట్టిన పిల్లకే చోటు ఇచ్చారు సెలక్షన్‌వాళ్ళు, పొడుగుపిల్లకి. ఆ పిల్లా బాగానే ఆడుతుంది, ఆమెని అనుకుని లాభం లేదు.

ఆ తర్వాత తండ్రీకూతుళ్ళు మాట్లాడుకోవడం మానలేదు. కూర గురించి, వాన గురించి, తల్లి నడుంనొప్పి గురించి అన్నీ మాట్లాడుకునేవారు. ఆ గోలు మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు. బంగారి రొయ్యల షెడ్డులో చేరింది. ఎల్లాజీ నా వెనక కూర్చోవడం మానేశాడు. నన్ను బాగుచేయాల్సి వస్తే ఎవరూ లేనప్పుడు వచ్చి చేసి పోయేవాడు. ఎడమ మూలకి వచ్చేసరికి ఆయన చెయ్యి వేడి తగిలినట్టు వెనక్కి పోయేది.

కాలం ఆగుతుందా? మాస్టారు ముసలివారై, సైకిలు తొక్కలేక, తన ఈల బంగారికి ఇచ్చి వెళ్ళారు. పని దిగాక ఆమె పేట ఆడపిల్లలకి ఆట నేర్పడం మొదలుపెట్టింది. జట్టుని ఎంచేటప్పుడు ఆమె పద్ధతే వేరు. ఒక్క ఆట చూసి ఎవరినీ తీసుకునేది కాదు, ఎవరినీ తీసేసేది కాదు. వానాకాలం నుంచి ఎండాకాలం దాకా చూసేది. గోలు కొట్టని పిల్లని కూడా చూసేది, బంతి పోయాక ఆ పిల్ల ఎలా వెనక్కి పరిగెడుతోందో చూసేది. ఇలాగైతే జట్టు ఎప్పటికి తయారవుతుందని మసేను విసుక్కునేవాడు. ఇన్నాళ్ళకి ఒక్కరైనా సవ్యంగా ఎంచుతున్నారని ధనరాజు మురిసిపోయేవాడు. బంగారి ఇద్దరి మాటా వినిపించుకునేది కాదు.

ఈలోగా టీ బడ్డీలోకి టీవీ వచ్చింది. దేశదేశాల ఆటలు అందులో కనిపించేవి. కొన్నాళ్ళకి వీడియో రిఫరీ అనే వింత కూడా వచ్చింది. రిఫరీ గాలిలో వేళ్ళతో పెట్టె గీస్తాడు, పరుగున పోయి ఒక తెరలో చూస్తాడు, ఇచ్చిన గోలు తీసేస్తాడు, తీసేసిన గోలు ఇస్తాడు. ఇక చూడండి టీ బడ్డీ సంబరం. ధనరాజు వీడియో పక్షం. అన్యాయం జరిగాక ఏడవడం కంటే నాలుగు నిమిషాలు ఆగి చూడడం నయం కదా అంటాడు. మసేను దానికి బద్ధశత్రువు. గోలు కొట్టినవాడు ఎగరాలో మానాలో తెలియక గుడ్లప్పగించి నిలబడితే అది ఆటెలా అవుతుందని అతని బాధ. బొటనవేలు గీత దాటిందని గోలు తీసేస్తారా, వేలికీ బంతికీ ఏమిటి సంబంధం అని బల్ల గుద్దేవాడు. నాకు నవ్వొచ్చేది. పది పక్కల్నుంచి పది బొమ్మలు చూపించినా వీళ్ళు పోట్లాడుకోవడం మానలేదు. పూర్వం చూడలేదు గనక పోట్లాడేవారు, ఇప్పుడు చూసి పోట్లాడుతున్నారు.

ఎంత దూరం తిరిగినా ఆ మాట చివరికి ఒక్కచోటికే వచ్చేది. ఆ రోజు మన గ్రౌండులో వీడియో ఉండుంటే, అని ధనరాజు మొదలుపెట్టేవాడు. అక్కడితో ఆపేసేవాడు, ఎందుకంటే మూల బల్లమీద ఎల్లాజీ ఉండేవాడు. మసేను కూడా టీలోకి చూసేవాడు. ఎల్లాజీ గ్లాసు ఖాళీ చేసి, తువ్వాలు భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోయేవాడు. ఆయన వంగిన వీపు గ్రౌండు అవతలికి పోయేదాకా నేను చూసేదాన్ని.

మొన్న వేసంగి ముందు ఎవరో దాత గ్రౌండుకి ఇనప గోలుస్తంభాలు వేయించాడు, మిషను మీద అల్లిన తెల్లని వలలు తెప్పించాడు. వెదురు బొంగు చివర సెల్‌ఫోను కట్టి ఆటలు వీడియో తీయడం కూడా మొదలైంది. నన్ను విప్పి, చుట్టచుట్టి ఎల్లాజీ ఇంటి ముందు పడేసి వెళ్ళారు. పోనీ, వయసైంది, రంగు వెలిసింది, ఇంకెన్నాళ్ళు వేళ్ళాడతాను. ఎల్లాజీ కూడా తెప్ప ఎక్కడం మానేశాడు. చూపు మందగించింది, వేళ్ళతో చూస్తాడు. ఇంటావిడ ఎండుచేపల మీద కాకులు వాలకుండా కప్పడానికి నన్ను కోసి ఇమ్మంది.

మధ్యాహ్నం పాక నీడలో ఆయన నన్ను ఒళ్ళో పరుచుకుని అంచు వెతుకుతున్నాడు. వేళ్ళు ఎడమ మూలకి వచ్చాయి. ఈసారి చెయ్యి వెనక్కి పోలేదు. ఆ ముడుల మీదే ఆగిపోయింది. తక్కిన ముడులన్నీ తీరిగ్గా వేసినవి. అవి మాత్రం సంతోషంలో గబగబా వేసినవి, కాస్త బిగువెక్కువ. ఎవరికీ తెలియకపోవచ్చు, వేసిన చేతికి తెలుస్తుంది. సూది మొన ముడిలో దూర్చి ఒకటి విప్పాడు. తర్వాత ఇంకొకటి. జన్మంతా చిరుగులు పూడ్చిన మనిషి తన చేత్తో తను చిరుగు చేయడం మొదలుపెట్టాడు.

అప్పుడే బంగారి చంకలో బంతితో వచ్చింది. తండ్రి చేస్తున్న పని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు నాను సేతులు ముడుసుకుని కూకుంటే సరిపోను కదే అమ్మా" అన్నాడు ఎల్లాజీ తల ఎత్తకుండా. "నీ బతుకు నా సేత్తో నానే కుట్టీసినాను."

"నువ్వు కూకోనేవని నాకు తెల్దేటి అయ్యా" అంది బంగారి. "సిరుగు సూత్తే నీ సెయ్యాగదు. దానికి నాకెప్పుడూ కోపం రానేదు."

ఎల్లాజీ చేతులు ఆగాయి. బంగారి నా అంచు పట్టుకుని వేలికి చుట్టుకుంది, విప్పింది. 

"రిఫరీ ముందర ఒక్కపాలి సెప్పినావు. అందరూ నవ్వీసరికి మరి నోరెత్తనేదు. ఊరోళ్ళు నమ్మకపోతే పోనీ. ఇంటికొచ్చి నాతోనైనా అది గోలేనే గుంటా అని అంటావని సూసినాను. ఆ రేత్రి సూసినాను. మర్నాడు సూసినాను. ఇప్పటిదాకా సూత్తన్నాను."

  ఎల్లాజీ మళ్ళీ వంగి, మిగిలిన ముడులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. ఈసారి బంగారి నన్ను బిగించి పట్టుకుంది, ముడి దొరకడానికి వీలుగా. ఆఖరి ముడి విడిపోయేసరికి నా ఎడమ మూల ఆ రోజు ఎంత తెగిందో అంత తెరుచుకుంది. సముద్రం గాలి అందులోంచి వచ్చింది.

ఎల్లాజీ లేచి నన్ను భుజాన వేసుకున్నాడు. ఒడ్డున బోర్లించిన తెప్పల పక్కన రెండు తెడ్లు నాటి, వాటికి నన్ను కట్టాడు. కట్టి, నా వెనక్కి వచ్చి గొంతుక్కూర్చోబోయి, మోకాళ్ళు సహకరించక కిందికి చతికిలబడ్డాడు. ఎవరూ లేరు. టీ బడ్డీ దూరంగా ఉంది. బంగారి చెప్పులు విడిచి, బంతి ఇసకమీద పెట్టి, వెనక్కి వెళ్ళింది. ఒళ్ళు చేసింది, జుట్టులో తెల్లవెంట్రుకలు వచ్చాయి. పరుగు అందుకోవడంలో ఆ పాత విసురు లేదు. కానీ కొట్టింది అక్కడికే.

వచ్చింది. నేల మీంచి బొంగరంలా తిరుగుతూ, ఎడమ తెడ్డు మొదట్లోంచి వచ్చింది. ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ తిరుగుడు కోసం. నా అంచులని రాసుకుంటూ ఆ కంతలోంచి పోయి ఎల్లాజీ ఒళ్ళో పడింది. ఆయన రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. వెంటనే అలవాటుకొద్దీ కుడిచెయ్యి సూది కోసం నడుం దగ్గరికి పోయింది. తీశాడు కూడా. ఎడమచెయ్యి చిరుగు అంచుని వెతికి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత ఆరాటపడిందో నాకు తెలుసు, నా అంచు దాని వేళ్ళలోనే ఉంది. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు.

"గోలేనే గుంటా" అన్నాడు.

బంగారి అక్కడే ఇసకలో కూలబడి మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. ఎల్లాజీ లేచి వెళ్ళలేక, బంతిని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. మీరు వీడియోలో ఇవన్నీ చూపించలేరు, చూపించినా ఎవరికి కావాలి?

ఇప్పుడు నేను ఎండుచేపల మీద ఉంటున్నాను. చూశారా, ఇన్నాళ్ళకి చేపలు నాకు దక్కాయి, చచ్చి, ఉప్పు పట్టి, ఎండిపోయాక. అయినా మెల్లగా అలవాటు పడుతున్నాను. చిరుగులోంచి కాకి దూరి రోజుకో కానాగంతని ఎగరేసుకుపోతుంది. ఇంటావిడ తిడుతుంది. టీ బడ్డీకి పోతూ ధనరాజు ఆగి, ఎల్లాజీ ఇంట్లో చిరుగు వలా అని వింతగా చూస్తాడు. రెండు ముడులు వేస్తే పోతుందిగా అని మసేను సలహా ఇస్తాడు. ఉండనీండెహె అని ఎల్లాజీ మాట మారుస్తాడు.

సాయంత్రమైతే గ్రౌండులో బంగారి ఈల వినిపిస్తుంది, పిల్లల కేకలు, బంతి చప్పుడు. కొత్త వలలో బంతి పడ్డప్పుడల్లా నా ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. ఆ వేళకి ఎల్లాజీ వచ్చి నా పక్కన కూర్చుంటాడు, అటువైపు చెవి పెట్టి వింటాడు. ఆయన చేతిలో సూది ఉంటుంది, సూదినిండా దారం ఉంటుంది. చిరుగు అలాగే ఉంది.